ఒకే చేతి రెండు సంతకాలు

ఒకే మనిషి రెండు కాగితాల మీద నిజాయితీగానే సంతకం చేస్తే, ఆ రెండింటిలో ఏది అబద్ధం?

శనివారం తెల్లవారినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను నేను వేసుకుంటున్నాను. జవాబు దొరకలేదు. కాఫీ కూడా దొరకలేదు. రెండింటికీ కారణం ఒకటే.

కమలాక్షి ట్రంకు పెట్టె వసారాలో ఉంది. దాని పక్కన నా చేతిసంచి ఉంది. పెట్టె పుంగనూరుకు, ఆమె పుట్టింటికి. సంచి కుప్పానికి, అక్కడి ఒక బడిలో నూట ఇరవై పుస్తకాలకు అట్టలు కట్టే పనికి. ఆ పని వచ్చే వారానిది. సంచిని నేను ఈ ఉదయమే సర్దుకోవడంలోని అర్థం ఇంట్లో ఎవరికీ వివరించనక్కరలేదు.

పెట్టె కదలలేదు, సంచీ కదలలేదు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర వరకు రాహుకాలం. మా ఇంట్లో అలిగి పుట్టింటికి పోవడానికి కూడా మంచి ఘడియ చూస్తారు.

"అత్తా," అంది కమలాక్షి వంటింట్లోంచి, "పదీ నలభైకి పుంగనూరు బస్సు ఉండాదో లేదో ఆయన్ను అడుగు."

మా అమ్మ రాజమ్మ గడప మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. నాకూ కమలాక్షికీ మధ్య దూరం ఆరడుగులు. నిన్న సాయంత్రం నుంచి ఆ ఆరడుగులూ మా అమ్మ మీదుగానే దాటాలి.

"బస్సు ఉండాదా అని అడగతాండాది రా."

"వినిపించినాదమ్మా. ఉండాది."

"ఉండాదంట."

"వినిపించినాది అత్తా. సీటు దొరకతాదా అని అడుగు."

అమ్మ అడకత్తెర కింద పెట్టింది. "మీ ఇద్దరి మధ్య టెలిఫోను మాదిరి కూర్చోడానికి నేను జీతగత్తెనా? నా కాఫీ యాడ?"

అమ్మకు కాఫీ వచ్చింది. నాకు రాలేదు.

సంగతి చెప్పుకుంటే చిన్నదే. మా తొమ్మిదో వార్డు కౌన్సిలర్ పదవికి నామినేషన్లు వేయడానికి నిన్న ఆఖరి రోజు. అభ్యర్థి కాగితం మీద ఆ వార్డు ఓటరు ఒకడు ప్రతిపాదకుడిగా సంతకం చేయాలి. సోమవారం కమలాక్షి తమ్ముడు మునస్వామి కాగితం తెచ్చాడు. అతనిది కొత్త పార్టీ. సంతకం చేశాను. బుధవారం నా చిన్ననాటి స్నేహితుడు గఫూర్ కాగితం తెచ్చాడు. అతనిది ఎర్రజెండా. సంతకం చేశాను.

ఒక ఓటరు ఒక్కరినే ప్రతిపాదించాలని నాకు తెలియదు. ఇద్దరిని ప్రతిపాదిస్తే ముందుగా అందిన కాగితం నిలుస్తుందని, తర్వాతది కొట్టేస్తారని నిన్న సాయంత్రం మునిసిపల్ ఆఫీసు గుమాస్తా చెప్పేవరకు మా వీధిలో ఎవరికీ తెలియదు.

ముందుగా అందింది గఫూర్ కాగితం.

నిన్న శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు వరకు రాహుకాలం. మునస్వామి రెండు పలక డప్పులతో, ఒక జీపుతో, నలభై మందితో టమాటా మండీ ముందు నిలబడి, గడియారం చూసుకుంటూ చూసుకుంటూ, పన్నెండు దాటిన తర్వాతే కదిలాడు. గఫూర్ ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ పదకొండింటికే పోయి కాగితం ఇచ్చేశాడు. రాహుకాలాన్ని అతని పార్టీ నమ్మదు. పైగా ఒంటిగంటకు మసీదులో జుమ్మా నమాజు ఉంది. ఆ సంగతి అతను పార్టీలో చెప్పడు.

ఈ రోజు పదకొండింటికి కాగితాల పరిశీలన.

మునస్వామి తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. తొమ్మిది దాటితే ఇల్లు కదలకూడదు కనుక ముందే కదిలాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు, ఉదయం ఇస్త్రీ చేసిన చొక్కా.

"బావా, రెండే మాటలు," అన్నాడు. "'నాది కాదు.' అంతే. ఆఫీసరు గఫూరు కాగితం సూపిస్తాడు. నువ్వు సూస్తావు. 'నాది కాదు' అంటావు. ఇంటికొచ్చి అన్నం తింటావు."

"అన్నం పెడతారో లేదో అడుగమ్మా," అన్నాను.

"కమలా, అన్నం పెడతావా అని అడగతాండాడు."

"ఆడ ఏం చెప్తాడో విన్నాక చెప్తానని చెప్పత్తా."

"నాది కాదంటే, గఫూరు నా సంతకం దొంగతనంగా పెట్టుకున్నాడని అర్థం మునస్వామీ. కేసవుతాది."

"ఎవురూ అట్ల అనరు బావా. అబ్జెక్షన్ నేనే రాసిచ్చినా. రెండు పేజీలు. అందులో ఫోర్జరీ అనే మాట ఒక్కసారే రాసినా."

మా అమ్మ వక్క నమలడం ఆపింది. "ఏమప్పా మునస్వామీ, ఆ పొద్దు నేను కాలు విరిగి పడితే, బండి దొరక్క, అద్దె రిక్షా తెచ్చి ఆస్పత్రి దాకా తొక్కింది ఆ గఫూరే. అప్పుడు నీ జీపు యాడుండె?"

"అప్పుడు నాకు జీపు లేదత్తా."

"ఇప్పుడూ లేదు. అది పార్టీది."

మునస్వామి తల వంచుకున్నాడు. తర్వాతి మాటలు అతను నాతో నెమ్మదిగా అన్నాడు. అదే నన్ను కష్టపెట్టింది.

"మా నాయిన పుంగనూరు సంతలో మూటలు మోసినోడు. నీకు తెలుసు. నేను గూడా పదేండ్లు బుట్టలు మోసినాకనే మండీలో కుర్చీ దొరికినాది. మా వంశంలో ఎవురి పేరూ గోడ మీదికి ఎక్కలేదు బావా. మొన్న నా పేరు నాలుగు గోడల మీద రాసినారు. తడి గూడా ఆరలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

నేను పుస్తకాలకు అట్టలు కడతాను. కాలేజీ గ్రంథాలయం నుంచి తత్త్వశాస్త్ర గ్రంథాలు వస్తే కుట్టే ముందు చదువుతాను. అందువల్ల పని ఆలస్యమవుతుంది, అభిప్రాయాలు పెరుగుతాయి. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం న్యాయమని నమ్ముతాను. కరణాల పెత్తనం పోవడం న్యాయమని నమ్ముతాను. ఈ రెండూ మునస్వామి పార్టీవి. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఇచ్చే కూలి అన్యాయమని, వీధులు ఊడ్చేవాళ్ళ ఉద్యోగాలు పర్మనెంటు చేయాలని నమ్ముతాను. ఇవి గఫూర్‌వి. పేదవాడికి బ్యాంకు గడప తెరవడం మంచి పని అని నమ్ముతాను. అది పాత పార్టీది. నమ్మకాలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఏదీ జెండా కట్టుకుని రాలేదు.

ప్రతిపాదించడమంటే, ఈ మనిషి ఆ పనికి తగినవాడు అని చెప్పడమే అనుకున్నాను. తగినవాళ్ళు ఇద్దరుంటే ఇద్దరి గురించీ చెప్పవచ్చు కదా.

ఇంతవరకు చెప్పుకోవడానికి బాగానే ఉంది. కాని బుధవారం గఫూర్ కలం తీయమన్నప్పుడు, "సోమవారం మునస్వామికి కూడా పెట్టాను" అని నేను ఎందుకు అనలేదు? నోటి దాకా వచ్చిన మాటను మింగింది నమ్మకమా, మొహమాటమా? నా అభిప్రాయాలు పార్టీల గోడలు దాటి వెళ్తాయని గర్వపడ్డాను. నా మాట మాత్రం నా పెదవులు దాటలేదు.

నిజానికి ఆ వారం మా ఇంట్లో సంతకాలకు కరువు లేదు. పాత పార్టీ అభ్యర్థి రెడ్డెప్పకు మా అమ్మ వేలిముద్ర వేసింది. ఈ ఇంటి పట్టా ఇచ్చిన చెయ్యిని మరవలేనని ఆమె వాదన. కమలాక్షి కూడా పిండి రుబ్బుతూ రుబ్బుతూ తమ్ముడు చాపిన కాగితం మీద ఎడంచేత్తో అంచు పట్టుకుని పేరు రాసింది. అదేమిటని అడిగితే, "వాడు పెట్టమన్యాడు, పెట్టినా" అంది. అంతటితో ఆ సంగతి అందరం మరచిపోయాం.

"నన్ను సూడు," అంది అమ్మ ఇప్పుడు. "ఒక్కరికే ఏసినా. ఏలు గూడా తుడుచుకున్యా. ఇంత సదివినోడివి, ఒక్కరికే ఏస్తే నీ సొమ్మేం పోయె?"

తొమ్మిదీ నలభైకి వీధి మలుపులో సైకిలు బెల్లు మోగింది. రాహుకాలంలో నిశ్చింతగా తిరిగే మనిషి ఈ వీధికి ఒక్కడే.

గఫూర్ సైకిలుకు స్టాండు వేసి, అరుగు మీద మునస్వామి పక్కనే కూర్చున్నాడు. మరో చోటు లేదు.

"సలాం మునస్వామీ. బయటికి పోలేక ఈడ్నే చిక్కుకోనుండావా?"

"సలాం గఫూరూ. నువ్వు తిరుగు. నా గుర్తు మీద ఎక్కి వార్డంతా తిరగతాండావు. నాకు ప్రచారం ఖర్చు మిగిలె."

గఫూర్ ముఖం చిన్నబోయింది. అది అతనికి నిజంగానే బాధ కలిగించే సంగతి. అతనిది సైకిలు రిపేరు అంగడి. మునస్వామి పార్టీ గుర్తు సైకిలు. ఎన్నికలని తెలిసిన రోజే అంగడి ముందు వేలాడే పాత సైకిలు చట్రాన్ని దింపి లోపల దాచాడు. అయినా మొన్న ఇద్దరు ముసలివాళ్ళు రేషను కార్డు కోసం ఆ అంగడికే వచ్చి, కొత్త పార్టీ ఆఫీసు ఇదేనా అని అడిగి, అరగంట కూర్చుని పోయారు.

"రమణప్పా," అన్నాడు గఫూర్ నావైపు తిరిగి. "నాకు కోపం లేదు. ఒకటే అడగాల. బుధవారం నా కాగితం సదివి, బీడీ కూలి సంగతి బాగా రాసినావు గఫూరూ అని రెండుసార్లు అంటివి. అది నిజంగా అంటివా, మొహమాటానికి అంటివా?"

"నిజంగానే అంటి."

"మునస్వామికి పెట్టింది?"

"అదీ నిజంగానే పెట్టినా."

గఫూర్ చాలాసేపు తన చేతులకు అంటిన గ్రీజు వైపు చూసుకున్నాడు. "రెండూ నిజమెట్లయితాయి భాయ్?"

"సైకిలుకు రెండు చక్రాలుండాయి గదా గఫూరూ."

"మళ్ళీ సైకిలు మాట. వద్దన్నా వస్తాది," అన్నాడు మునస్వామి సంతోషంగా.

"రెండు చక్రాలుండాయి," అన్నాడు గఫూర్. "రెండూ ఒకే పక్కకు పోతాయి. ముందరిది పుంగనూరుకు, ఎనకది కురబలకోటకు పోతామంటే నా అంగడికి గూడా తీసుకరావద్దు. ఇనప సామాన్లోనికి ఏసెయ్."

తత్త్వశాస్త్రం చదవని మనిషితో వాదించడంలో ఉన్న కష్టం అదే.

"పదకొండుకు ఏం చెప్తావో నాకు చెప్పొద్దు," అని అతను లేచాడు. "ఇప్పుడు చెప్తే నేనొచ్చి అడిగి చెప్పించుకున్నట్లు ఉంటాది. అబ్జెక్షన్ సంగతి తెలిసినాది. ఫోర్జరీ అని రాసినారంట."

"ఒక్కసారే రాసినా," అన్నాడు మునస్వామి మెల్లగా.

గఫూర్ స్టాండు తీశాడు. తీసి, ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు: "కాగితం మీద ఎవురు పెట్టినారని ఖుర్షీదా అడిగె. నీ పేరు చెప్పినా. 'ఆయన పెట్టినాడంటే సదివే పెట్టింటాడు' అనె."

ఖుర్షీదా అతని భార్య. చదువు రాదు. రోజంతా బీడీలు చుడుతుంది.

బెల్లు మోగకుండానే సైకిలు వీధి దాటిపోయింది.

నేను లోపలి గదిలోకి వెళ్ళాను. అది నా పని గది. కుట్టిన పుస్తకాలు బరువు కింద ఉన్నాయి. పీట మీద గిన్నెలో అట్టలు అంటించే మైదా గంజి వెచ్చగా పొగలు కక్కుతోంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, ఉండలు లేకుండా, నాకు కావలసిన చిక్కదనంలో ఉంది. కాఫీ ఇవ్వని మనిషి గంజి మాత్రం కాచి పెట్టింది. పదహారేళ్ళుగా ఏ ఉదయమూ ఆ గంజి తప్పలేదు. ఈ ఉదయం కూడా తప్పలేదని గ్రహించడానికి నాకు ఇంతసేపు పట్టింది.

గుమ్మంలో అలికిడి అయింది. కమలాక్షి నావైపు చూడలేదు. గంజి గిన్నెతో మాట్లాడింది.

"ఒక మాట తెలుసుకోవాల. మా తమ్ముడికి పెట్టిన సంతకం తమ్ముడని పెట్టిందా, మనిషి పనికొస్తాడని పెట్టిందా?"

నేను కూడా గిన్నెకే జవాబు చెప్పాను. "రెండూ."

"అదే ఈ ఇంట్లో తంటా. ఏది అడిగినా రెండూ." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "వాని కాగితం పోతే వాడు ఏడుస్తాడు. చిన్నప్పటి నుంచి వాడు ఏడిస్తే నాకు అన్నం సయించదు. గఫూరన్న మీద దొంగ అని పడితే ఖుర్షీదా వదిన మొగం నేను సూడలేను. నన్నడిగితే నేను గూడా రెండూ అంటానేమో. అందుకే నన్నెవురూ అడగొద్దు. నేను పుంగనూరు పోతా."

వెళ్ళిపోయింది. అమ్మ గడప మీదనుంచి గొంతు పెంచి అంది: "రమణా, నువ్వూ కుప్పం పో నాయినా. నువ్వు లేకుంటే వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకుంటారు, నాకు పొద్దు పోతాది."

కుప్పం బస్సు పదీ నలభై ఐదుకు. సంచి వసారాలో ఉంది. పుస్తకాలు చదివి నేను నేర్చుకున్న దాంట్లో ఇది కూడా ఉందేమో: రెండు వైపులా న్యాయం కనిపించే మనిషికి మూడో వైపున్న బస్సు చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

పది గంటల ముప్పై ఒక నిమిషానికి మునస్వామి గడియారం చూసుకుని లేచాడు. జీపు వచ్చింది. బస్టాండు మునిసిపల్ ఆఫీసు దాటిన తర్వాత ఉంది కనుక కమలాక్షి పెట్టె జీపు వెనక ఎక్కింది. "నా ఏలిముద్ర గూడా ఉండాది ఆడ," అంటూ అమ్మ ముందు సీట్లో కూర్చుంది. నేను సంచి చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని, మళ్ళీ వసారాలోనే పెట్టి, జీపు ఎక్కాను.

పరిశీలన గదిలో నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను ఉన్నాయి. ఎన్నికల అధికారి సన్నటి మనిషి. ప్రతి కాగితాన్నీ రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. రెడ్డెప్ప ముందు బెంచీలో కూర్చుని ఉన్నాడు. మునస్వామి కాగితం, గఫూర్ కాగితం రెండూ పోతే పోటీ లేకుండా కౌన్సిలరు కావచ్చునని అతనికి ఎవరో చెప్పినట్టున్నారు. ముఖంలో అది కనిపిస్తోంది.

రెడ్డెప్ప కాగితం మొదట చెల్లింది. "ఏలిముద్ర నాదే సామీ," అని అమ్మ అడగకముందే లేచి వేలు చూపించింది.

"తర్వాత గఫూర్. దీనిమీద ఆక్షేపణ వచ్చింది. ప్రతిపాదకుడి సంతకం ఫోర్జరీ అని." అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "వెంకటరమణప్ప ఎవరు?"

నేను లేచాను. మునస్వామి ఊపిరి బిగబట్టాడు. గఫూర్ కిటికీలోంచి తన సైకిలు వైపు చూస్తున్నాడు. పదీ నలభై బస్సును వదిలేసి కమలాక్షి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఈ సంతకం మీదేనా?"

రెండే మాటలు. మునస్వామి చెప్పినట్లు అవి చాలా చిన్నవి. చూసే పని కూడా లేదు, చదివే పని కూడా లేదు. 'ఆయన పెట్టినాడంటే సదివే పెట్టింటాడు.'

"నాదే సార్," అన్నాను.

"ఇది?" మునస్వామి కాగితం ఎత్తాడు.

"అదీ నాదే. రెండూ సదివే పెట్టినాను. ఒకరికి పెట్టిన సంగతి ఇంకొకరికి చెప్పలేదు. అది నా తప్పు. సంతకాలు తప్పు కాదు."

అధికారి నన్ను కాసేపు చూశాడు. "మీ ఆఖరి వాక్యాలు నేను రాసుకోవలసినవి కావు," అన్నాడు. "గఫూర్ కాగితం పదకొండు గంటల ఐదు నిమిషాలకు అందింది. చెల్లుతుంది. మునస్వామి కాగితం పన్నెండు గంటల పన్నెండు నిమిషాలకు. తిరస్కరించాను."

మునస్వామి కూర్చున్నచోటే మరింత కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా ఒక్కసారిగా నలిగినట్లనిపించింది. గఫూర్ కిటికీ నుంచి ముఖం తిప్పి అతని వైపే చూశాడు, గెలిచినవాడి చూపు కాదు అది. రెడ్డెప్ప పొడుం డబ్బీ తీశాడు.

"ఇంకొకటుంది," అన్నాడు అధికారి, మునస్వామి కట్టలోంచి ఒక కాగితం లాగి. వెలుతురుకు ఎత్తాడు. "ప్రతిపాదకుడు పాపయ్య, మండీ వ్యాపారం. అభ్యర్థి కమలాక్షి, భర్త వెంకటరమణప్ప. ఏమిటీ మరక?"

"దోసె పిండి సార్," అంది కమలాక్షి గుమ్మం దగ్గర నుంచి, ఎందుకు అడుగుతున్నారో తెలియకుండానే.

మునస్వామి లేచాడు. "సార్, అది డమ్మీ సార్. నాది పోతే ఉంటాదని పార్టీ వాళ్ళు ఎయ్యమంటే ఊరికే ఏసినాం."

"ఊరికే వేసిన కాగితమని చట్టంలో ఎక్కడా లేదు. పార్టీ ఉత్తరంలో ప్రత్యామ్నాయంగా ఈమె పేరు ఉంది. అన్నీ సరిగా ఉన్నాయి. మీ పార్టీ అభ్యర్థి ఈమె."

పొడుం రెడ్డెప్ప ముక్కు దాకా పోలేదు. "ఆ ఇంటాయన గఫూరును నిలబెట్టె," అన్నాడు మెల్లగా, లెక్క సరిచూసుకుంటున్న వాడిలా. "ఇంటామె సైకిలెక్కె. ముసలామె నాకు ఏలిముద్ర ఏసె. రేపు ఓట్లడిగేదానికి ఆ ఇంటికి నేను యా వాకిట్లో పోవాలప్పా?"

ఆఫీసు ఆవరణలో, జీపు నీడన, మునస్వామి తేరుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. తేరుకున్న తర్వాత మళ్ళీ అతని గొంతు వచ్చింది.

"అక్కా, నువ్వేమీ చెయ్యొద్దు. ఊరికే నిలబడు. జీపులో ముందర కూర్చో, చేతులెత్తి దండం పెట్టు. మాట్లాడేదంతా నేను సూసుకుంటా."

వీధికి అవతల గోడ మీద నీలి రంగుతో అతని పేరు ఉంది. కమలాక్షి చాలాసేపు దాన్నే చూసింది.

"అది చెరిపేస్తారా?" అంది.

"చెరపాల గదా. నీ పేరు రాయాల."

"చెరపొద్దు. దాని పక్కనే 'అక్క కమలాక్షి' అని రాయించు. మునస్వామి అక్క కమలాక్షి. రంగు అదే పెట్టించు, ముందరి నుంచి అట్లే ఉన్నట్లుంటాది."

మునస్వామి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ముక్కు చీదుకున్నాడు. మా అమ్మ ఆకాశం వైపు చూసి, ఎండ ఎక్కువగా ఉందని అంది.

"మాట్లాడేది మాత్రం నేనే," అంది కమలాక్షి. "ఆడబిడ్డలకు ఆస్తి హక్కు అని సట్టం తెచ్చిరి గదా. పెళ్ళయినోళ్ళకు యాల లేదని మీటింగులో అడగతా."

ఆ చట్టం పెళ్ళి కాని వాళ్ళకేనని మునస్వామి మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఓపికగా వివరించేవాడు. పుంగనూరులో వాళ్ళకు రెండెకరాల చేను ఉంది. "అక్కా, అది మన పార్టీ సట్టం," అన్నాడు.

"అందుకే మన పార్టీనే అడగతా. బీడీ కూలి గురించి గఫూరన్న చెప్పేది గూడా నిజమే. అదీ చెప్తా."

మునస్వామి నావైపు తిరిగాడు. "బావా, ఇది నీ దగ్గర అంటుకున్న జబ్బు."

గఫూర్ కొంచెం దూరంలో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోవాలో ఉండాలో తేల్చుకోలేని మనిషిలా ఉన్నాడు. కమలాక్షి నా ఎదుటికి వచ్చింది. అమ్మ అలవాటుగా ముందుకు వంగింది, మాట అందించడానికి. అవసరం రాలేదు.

"నీ ఓటు ఎవురికి?" అంది కమలాక్షి, నన్నే చూస్తూ.

పదహారేళ్ళ సంసారంలో, నలభై ఏళ్ళ స్నేహంలో, ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు ఒకటుంది. అది ఇప్పుడూ నాలుక మీదికి వచ్చింది. దాన్ని పక్కన పెట్టాను.

"ఇంకా తెలీదు," అన్నాను, గఫూర్‌కు కూడా వినిపించేటట్లు. "బియ్యం సంగతిలో మీ పార్టీ మాట సరి. కూలి సంగతిలో గఫూరు మాట సరి. మీరిద్దరూ ఏం చెప్తారో విని తేల్చుకోవాల. తేలినాక ఇద్దర్నీ ఒకే చోట నిలబెట్టి చెప్తా. ఒకరికి తెలీకుండా ఇంకొకరికి చెప్పను."

"ఈ మాట బుధవారం చెప్పుంటే నిన్న నుంచి నీకు కాఫీ దొరికిండేది," అంది.

ఆఫీసు బంట్రోతు వచ్చి, అభ్యర్థి సంతకం కావాలన్నాడు. కాగితం చెల్లినట్లు తెలిసిందని రాసివ్వాలట. కమలాక్షి చుట్టూ చూసింది. మునస్వామి జేబులు తడుముకున్నాడు. ఆమె చెయ్యి నేరుగా నా చొక్కా జేబులోకి వచ్చింది. సోమవారమూ బుధవారమూ సంతకాలు పెట్టిన కలాన్ని లాగింది. జీపు ముందు భాగం మీద కాగితం పెట్టి, ఈసారి మరక లేకుండా, నిదానంగా, పూర్తి పేరు రాసింది.

నేను చెయ్యి చాపాను.

"ఎలక్షనయ్యే దాకా ఇది నా దగ్గరే ఉంటాది," అని కలాన్ని నడుముకు దోపుకుంది.

జీపు డ్రైవరు పెట్టె మీద చెయ్యి వేశాడు. "అమ్మా, పుంగనూరు బస్సు ఇంకొకటి వచ్చినాది. దించేదా?"

"ఇంటికాడ దించు. పైన చీరలు నలగకుండా సూడు, రేపటి నుంచి అవే కావాల." చెప్పి, ఆవరణ దాటి గఫూర్ దగ్గరికి నడిచింది. "గఫూరన్నా, వదిన ఇంట్లోనే ఉండాదా?"

"యాల చెల్లెమ్మా?"

"ఓటు అడగాల."

"లేదు," అన్నాడు గఫూర్ చాలా త్వరగా. "అంటే ఉండాది. బీడీలు చుట్టతాండాది. పని మీద ఉండాది."

"పని చేసుకుంటానే వినొచ్చులే. మీ ఇంటి నుంచే మొదలు పెట్టాలని అనుకుంటి."

కొంగు దోపుకుని నడక సాగించింది. గఫూర్ సైకిలు పెడలు మీద కాలు పెట్టాడు. వీధిలో అంగళ్ళ వాళ్ళంతా చూస్తున్నారు. ఆమె గుర్తు మీదే ఎక్కి ఆమెకంటే ముందు ఇల్లు చేరాలా అని తలచుకున్నాడేమో, కాలు తీసేసి, సైకిలును చేత్తో తోసుకుంటూ వెనక పరుగెత్తాడు. మునస్వామి, "అక్కా, జీపు, జీపు," అంటూ వాళ్ళ వెనక. నేను మునస్వామి వెనక.

పన్నెండు కావస్తోంది. రాహుకాలం ఎప్పుడో దాటిపోయింది. ఆమెను ఆపడానికి మాలో ఎవరి దగ్గరా కారణం మిగలలేదు.